ఇద్దరు విలియంలు, ఒకే ఇంటిపేరు: మనవాడు ఎవరు?

ప్రశ్న: మాది గుంటూరు. పెళ్లయ్యాక ఇంగ్లాండ్‌లోని పీటర్‌బరోలో స్థిరపడ్డాను. మావారి పూర్వీకులు నార్ఫోక్ పల్లెటూరి వాళ్లు. మామగారు పోయాక ఆయన బీరువాలో దొరికిన కాగితాలతో వాళ్ల వంశవృక్షం రాద్దామని కూర్చున్నాను. పుట్టుక, పెళ్లి సర్టిఫికెట్లు పట్టుకుని మామగారి ముత్తాత దాకా సాఫీగానే వచ్చాను. ఆ ముత్తాత తండ్రి విలియం దగ్గర ఆగిపోయాను. ఆయన వ్యవసాయ కూలీ. 1851, 1861, 1871 సెన్సస్‌లలో గ్రేట్ బిర్చమ్ అనే ఊళ్లో భార్య మేరీతో, పిల్లలతో కనిపిస్తాడు. వయసు వరసగా 32, 41, 53 అని ఉంది. పుట్టిన ఊరు ఒకసారి డాకింగ్, ఒకసారి స్టాన్‌హో, మళ్లీ డాకింగ్. అదే ఇంటిపేరుతో రెండు బాప్తిస్మాలు దొరికాయి. డాకింగ్‌లో 1817 నవంబరులో ఒకటి, తల్లిదండ్రులు రాబర్ట్, ఆన్. స్టాన్‌హోలో 1819 ఫిబ్రవరిలో ఒకటి, తల్లిదండ్రులు జాన్, సూజన్. ఆన్‌లైన్‌లో ఎవరో పెట్టిన వంశవృక్షం రాబర్ట్ కొడుకే అని తేల్చేసి, అక్కణ్నుంచి 1640 దాకా వెళ్లిపోయింది. దాన్ని నమ్మవచ్చా? ఇంకొకటి: విలియం తమ్ముడొకడు సైనికుడిగా సికింద్రాబాద్‌లో ఉండేవాడని ఇంట్లో చెప్పుకుంటారు. దానికి ఆధారం ఎక్కడ వెతకాలి?

సమాధానం: ఆ వంశవృక్షాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టండి. తప్పని కాదు, అది రుజువు కాదు కాబట్టి. మీ దగ్గరున్న వివరాలతో ఇద్దరు విలియంలలో ఎవరైనా కావచ్చు. ఇలాంటి చోట అందరూ చేసే పని, తమకు సరిపోయేవాడి కోసం వెతకడం. ఇద్దరూ ఎంతో కొంత సరిపోతారు కాబట్టి ఆ పద్ధతిలో ఎన్నాళ్లు వెతికినా తేలదు. మీరు తేల్చాల్సింది రెండో విలియం ఏమయ్యాడన్నది. వాడు పసితనంలో పోయాడా, వేరే ఊళ్లో వేరే భార్యతో కాపురం చేశాడా అన్నది కాగితం మీద చూపించగలిగితే మిగిలినవాడు మీవాడు.

ముందు వయసుల సంగతి. సెన్సస్ ఒక నిర్ణీత రాత్రి ఇంట్లో ఉన్నవాళ్ల లెక్క. 1851లో అది మార్చి 30, 1861లో ఏప్రిల్ 7, 1871లో ఏప్రిల్ 2. డాకింగ్ పిల్లవాడు బాప్తిస్మానికి నెల ముందు పుట్టాడనుకుంటే ఆ మూడు రాత్రుల్లో అతని వయసు 33, 43, 53 ఉండాలి. స్టాన్‌హో పిల్లవాడికైతే 32, 42, 52. మీకు కనిపించినవి 32, 41, 53. మొదటివాడికి మూడింట ఒకటే సరిపోయింది, ఒకచోట రెండేళ్లు తేడా. రెండోవాడికీ ఒకటే సరిపోయింది, మిగతా రెండు చోట్లా ఏడాది చొప్పున తేడా. ఆ కాలపు కూలీల విషయంలో రెండేళ్ల తేడాకు విలువ లేదు. తన వయసు తనకే సరిగ్గా తెలియనివాళ్లు ఎక్కువ, పైగా చాలా ఇళ్లలో జవాబు చెప్పింది భార్యో ఇరుగుపొరుగో. 1841 సెన్సస్ కూడా ఇక్కడ అక్కరకు రాదు. అందులో పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసును ఐదు గుణిజానికి దించి రాయమన్నారు. ఆ ఏడు జూన్ 6న ఒకరికి 23, ఇంకొకరికి 22. ఇద్దరూ 20 గానే పడతారు.

పుట్టిన ఊరు మారడం కూడా మామూలే. డాకింగ్, స్టాన్‌హో పక్కపక్క ఊళ్లు. పిల్లవాడు ఒక ఊళ్లో పుట్టి ఇంకో ఊళ్లో పెరిగితే, పెరిగిన ఊరే తన ఊరనుకుంటాడు. డాకింగ్ అనే పేరుతో ఇంకో చిక్కు ఉంది. 1834 పేదల చట్టం తర్వాత ఆ చుట్టుపక్కల పారిష్‌లన్నిటినీ (ఒక్కో చర్చి పరిధిలోని ఊళ్లను) కలిపి డాకింగ్ యూనియన్‌గా ఏర్పాటు చేశారు. నిరుపేదలను ఉంచి పనిచేయించే వర్క్‌హౌస్ ఉన్నది డాకింగ్‌లోనే. 1837 నుంచి జనన మరణాల నమోదుకు జిల్లా పేరు కూడా డాకింగే. అందుకే ఇండెక్స్‌లో డాకింగ్ అని కనిపిస్తే ఊరా, జిల్లానా అన్నది ముందు చూసుకోవాలి. స్టాన్‌హోలో పుట్టిన బిడ్డ కూడా ఇండెక్స్‌లో డాకింగ్ కిందే ఉంటుంది.

ఇప్పుడు పని మొదలుపెట్టండి. మీ ఉత్తరంలో ఒక ముఖ్యమైన కాగితం ప్రస్తావనే లేదు: విలియం, మేరీల పెళ్లి నమోదు. ఇంగ్లాండ్‌లో 1837 జూలై 1 నుంచి పెళ్లి రిజిస్టర్‌లో వధూవరుల తండ్రుల పేర్లు, వృత్తులు రాయడం తప్పనిసరి అయింది. విలియం పెళ్లినాటికి ఇరవై దాటి ఉంటాడు కాబట్టి ఆ పెళ్లి చాలావరకు ఈ తేదీ తర్వాతే అయి ఉంటుంది. అందులో వరుడి తండ్రి రాబర్ట్ అని ఉందా, జాన్ అని ఉందా చూస్తే సగం గొడవ అక్కడే తీరుతుంది.

దాన్ని పట్టుకోవాలంటే మేరీ పుట్టింటి పేరు కావాలి. అది పిల్లల దగ్గర దొరుకుతుంది. జనన మరణాల నమోదు చూసే జనరల్ రిజిస్టర్ ఆఫీసు వెబ్‌సైట్‌లో ఖాతా తెరిస్తే జననాల ఇండెక్స్ ఉచితంగా చూడొచ్చు. పాత అచ్చు ఇండెక్స్‌లలో తల్లి పుట్టింటి పేరు 1911 సెప్టెంబరు త్రైమాసికం నుంచే ఉండేది. ఈ కొత్త ఇండెక్స్‌లో 1837 నుంచీ ఇచ్చారు. సెన్సస్‌లో ఉన్న పిల్లల పేర్లు ఒక్కొక్కటీ ఇచ్చి, జిల్లా డాకింగ్ అని పెట్టి వెతకండి. ముగ్గురు పిల్లలకు ఒకే పుట్టింటి పేరు వస్తే అదే మేరీది. తర్వాత ఆ ఇంటిపేరు, పుట్టింటి పేరు రెండూ కలిపి 1838 నుంచి 1865 దాకా మళ్లీ నడపండి. రెండు సెన్సస్‌ల మధ్య పుట్టి పోయిన పిల్లలు కూడా బయటపడతారు. వాళ్ల పేర్లలో మీకు పనికొచ్చేవి ఉండొచ్చు. ఒక హెచ్చరిక: జనన నమోదు చేయకపోతే జరిమానా అన్న నియమానికి పదును వచ్చింది 1875లో. అంతకుముందు కొందరు పిల్లలు ఇండెక్స్‌కు ఎక్కనే లేదు. పైగా ఇండెక్స్‌లో ఉండేది నమోదు చేసిన త్రైమాసికం. డిసెంబరులో పుట్టిన బిడ్డ మరుసటి ఏడు మార్చి త్రైమాసికంలో కనిపించవచ్చు.

పుట్టింటి పేరు తెలిశాక, జనన, పెళ్లి, మరణాల ఇండెక్స్‌లున్న ఫ్రీబీఎండీ వెబ్‌సైట్‌లో పెళ్లి వెతకండి, అది ఉచితం. విలియం పేరు, మేరీ పేరు విడివిడిగా వెతికి, రెండిటికీ ఒకే త్రైమాసికం, ఒకే జిల్లా, ఒకే సంపుటం, ఒకే పేజీ వస్తే జంట కలిసినట్టే. ఇక సర్టిఫికెట్‌కు డబ్బు కట్టబోయే ముందు ఆగండి. చర్చిలో జరిగిన పెళ్లిని ఒకేసారి రెండు పుస్తకాల్లో రాసేవారు. ఒకటి నిండాక రిజిస్ట్రారు దగ్గరికి, రెండోది చర్చిలో. ఆ చర్చి పుస్తకాలు ఇప్పుడు నార్విచ్‌లోని నార్ఫోక్ రికార్డ్ ఆఫీసులో ఉన్నాయి. నార్ఫోక్ పారిష్ రిజిస్టర్ల ఫొటోలు చాలావరకు ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. డబ్బు కడితే వచ్చేది నకలుకు నకలు. చర్చి పుస్తకంలో ఉన్నది అసలు: విలియం సొంత చేత్తో పెట్టిన సంతకమో, రాయడం రానివాడైతే పెట్టిన ఇంటూ గుర్తో మీరే చూడొచ్చు. పెళ్లి సాధారణంగా పెళ్లికూతురి ఊళ్లో జరిగేది, కాబట్టి గ్రేట్ బిర్చమ్‌లో లేకపోతే మేరీ పుట్టిన ఊరు చూడండి. సెన్సస్‌లో అది రాసే ఉంటుంది.

ఆ నమోదులో చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. వయసు గడిలో అంకె లేకుండా నిండు వయసు అని మాత్రమే ఉంటే 21 దాటాడని అర్థం, అంతకుమించి ఏమీ తెలియదు. తండ్రి పేరు పక్కన పోయాడని రాయకపోతే బతికే ఉన్నాడని అనుకోవద్దు. ఆ మాట రాయడం పాదిరి ఓపికను బట్టి ఉండేది. తండ్రి గడి ఖాళీగా ఉంటే పెళ్లి కాని తల్లికి పుట్టినవాడై ఉండవచ్చు. అలాంటివాళ్లు కొన్నిసార్లు పరువు కోసం తాత పేరో, లేని పేరో చెప్పిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే తండ్రి పేరు గట్టి ఆధారమే గానీ, అదొక్కటే చాలదు. సాక్షుల పేర్లు కూడా రాసుకోండి. వాళ్లలో ఒకరికి అదే ఇంటిపేరు ఉంటే అన్నో చెల్లెలో కావచ్చు. అయితే అటూ ఇటూ నాలుగు పేజీలు తిప్పి చూడండి. ప్రతి పెళ్లికీ అదే మనిషి సాక్షిగా కనిపిస్తే అతను పారిష్ క్లర్కు, చుట్టం కాదు.

పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదివేవారు. దాన్ని బాన్స్ అంటారు. వధూవరులవి వేర్వేరు పారిష్‌లైతే రెండు చోట్లా చదవాలి. బాన్స్ పుస్తకం విడిగా ఉంటుంది, చాలామంది దాన్ని తెరవనే తెరవరు. అందులో వరుడు ఫలానా పారిష్ వాడని ఉంటుంది. అది పుట్టిన ఊరు కాదు, అప్పటికి ఉంటున్న ఊరు. ఆ తేడా మరచిపోవద్దు.

ఇక బాప్తిస్మాలు. మీరు చూసింది ఇండెక్స్ మాత్రమేనా, పేజీ ఫొటోనా? ఇండెక్స్ అయితే ఇప్పుడే ఫొటో తెరవండి. 1813 జనవరి 1 నుంచి దేశమంతటా అచ్చు ఫారాలున్న పుస్తకాలు వాడారు. పేజీకి ఎనిమిది నమోదులు. ఎడమ నుంచి కుడికి: బాప్తిస్మం తేదీ, బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఇంటిపేరు, ఉంటున్న చోటు, తండ్రి వృత్తి, బాప్తిస్మం ఇచ్చినవారి సంతకం. ఇండెక్స్‌లో తరచూ ఎగిరిపోయేవి చివరి మూడు గడులే, మీకు కావాల్సింది కూడా అవే. స్టాన్‌హో పుస్తకంలో జాన్ వృత్తి వడ్రంగి అని ఉండి, పెళ్లి నమోదులో విలియం తండ్రి కూలీ అని ఉంటే అది ఆలోచించాల్సిన సంగతి. నివాసం గడిలో పక్క పారిష్ పేరు కనిపించడం కూడా కద్దు. అంచున సన్నగా పుట్టినరోజు రాసిన పాదిరులూ ఉన్నారు. బిడ్డ బతకదేమోనన్న భయంతో ఇంట్లోనే బాప్తిస్మం ఇచ్చి, తర్వాత చర్చికి తెచ్చినట్టు రాసి ఉంటే ఆ బిడ్డ ఆరోగ్యం గురించి ఒక సూచన దొరికినట్టే.

బాప్తిస్మం తేదీని పుట్టినరోజుగా లెక్కించడం ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. ఒకే ఆదివారం ఒకే ఇంట్లోని ముగ్గురు నలుగురు పిల్లలకు కలిపి బాప్తిస్మం ఇప్పించిన పేజీలు కోకొల్లలు. మీ 1817 నాటి విలియం నెల బిడ్డ కావచ్చు, మూడేళ్లవాడూ కావచ్చు. ఆ రోజు అదే తల్లిదండ్రుల పేర్లతో పైనా కిందా ఇంకెవరైనా ఉన్నారేమో చూడండి.

మూడో విలియం లేడని తేల్చుకోవడం ఇంకా మిగిలే ఉంది. రెండే దొరికాయి అంటే మీరు వెతికిన చోట రెండే దొరికాయని. డాకింగ్ చుట్టూ సెడ్జ్‌ఫర్డ్, ఫ్రింగ్, రింగ్‌స్టెడ్, బ్రాంకాస్టర్, సైడర్‌స్టోన్, మూడు బిర్చమ్‌లు ఉన్నాయి. సుమారు పది మైళ్ల వలయంలో ఉన్న ప్రతి పారిష్‌కూ 1812 నుంచి 1824 దాకా బాప్తిస్మాలు చూడాలి. పదే ఎందుకంటే, ఆ తరం వ్యవసాయ కూలీలు తరచూ ఇల్లు మారినా దూరం వెళ్లలేదు. పెళ్లికాని కుర్రాళ్లు మన పాలేర్ల లాగే ఏడాది లెక్కన కుదిరి, మైకెల్మస్ పండక్కి యజమానిని మార్చేవారు. ఒక్కో రైతు ఒక్కో ఊళ్లో. పదేళ్లలో నాలుగు పారిష్‌లు తిరిగినవాడు కూడా ఆ వలయం దాటి ఉండడు.

ఇంటిపేరు వర్ణక్రమం గురించి కూడా చెప్పాలి. మన వైపు ఇంటిపేరు కాస్త నిలకడగా ఉంటుంది, అక్కడ పాదిరి చెవికి ఏది వినిపిస్తే అది రాశాడు. నార్ఫోక్ యాసలో నమిలిన అక్షరం పుస్తకంలోంచి మాయమవుతుంది. దానికి తోడు ఆన్‌లైన్ ఇండెక్స్ రాసినవాళ్లు పాత చేతిరాతలోని పెద్ద ఎల్‌ను ఎస్‌గా, టీని ఎఫ్‌గా, రెండు ఎస్‌లను పీగా చదివారు. అందుకే ఇంటిపేరు పూర్తిగా వదిలేసి కూడా ఒకసారి వెతకండి: మొదటి పేరు విలియం, భార్య మేరీ, పుట్టిన ఊరు స్టాన్‌హో, వయసు ఐదేళ్లు అటూ ఇటూ. నక్షత్రం గుర్తు, ప్రశ్నార్థకం గుర్తు పెట్టి అక్షరాలను ఖాళీగా వదిలేయడం చాలా వెబ్‌సైట్లలో పనిచేస్తుంది. మీ ఊరి గ్రంథాలయంలో అడగండి, ఇంగ్లాండ్‌లో చాలాచోట్ల పబ్లిక్ లైబ్రరీల్లో యాన్సెస్ట్రీ గానీ ఫైండ్‌మైపాస్ట్ గానీ (వంశ చరిత్ర రికార్డులున్న వెబ్‌సైట్లు) ఉచితంగా వాడుకోనిస్తారు.

సరే, పెళ్లి నమోదులో తండ్రి రాబర్ట్ అని వచ్చిందనుకుందాం. ఇక్కడితో ఆగవద్దు. స్టాన్‌హో విలియంను వెతికి పట్టుకోండి. మొదట స్టాన్‌హో, దాని పక్క పారిష్‌ల భూస్థాపనల పుస్తకాలు, 1819 నుంచి 1841 దాకా. 1813 తర్వాతి భూస్థాపనల ఫారంలో పేరు, నివాసం, తేదీ, వయసు మాత్రమే ఉంటాయి. ఎవరి కొడుకన్నది ఉండదు. స్టాన్‌హోలో 1822లో మూడేళ్ల విలియం అని ఉంటే దాదాపు తేలినట్టే. ఇంకో ఆనవాలు కూడా ఉంది: జాన్, సూజన్ తర్వాత పుట్టిన ఇంకో కొడుక్కి మళ్లీ విలియం అని పేరు పెట్టి ఉంటే మొదటివాడు పోయాడని అర్థం. పోయిన బిడ్డ పేరు తర్వాతి బిడ్డకు పెట్టడం అక్కడ మామూలే. భూస్థాపన లేకపోతే 1851లో నార్ఫోక్ అంతటా అదే పేరుతో, స్టాన్‌హోలో పుట్టానని చెప్పిన ఇంకో విలియం ఉన్నాడేమో చూడండి. ఉంటే వాడి పెళ్లి నమోదు తెరవండి. అందులో తండ్రి జాన్ అని ఉంటే లెక్క సరిపోయింది.

అదే పెళ్లి నమోదులో జాన్ అని వస్తే, 1640 దాకా సాగిన ఆ వంశవృక్షం మొదటి మెట్టులోనే కూలిపోయినట్టు.

సెన్సస్ పేజీలు చదివేటప్పుడు మీకు పనికొచ్చే కొన్ని మాటలు. 1841 నుంచి 1901 దాకా మనం చూస్తున్నవి ఇంటివాళ్లు నింపిన కాగితాలు కావు, ఎన్యుమరేటర్ వాటిని చూసి పుస్తకంలోకి ఎక్కించుకున్నవి. నకలు రాసేటప్పుడు జారిన తప్పులు అందులో ఉంటాయి. పుట్టిన ఊరి గడిలో పైదే అన్న గుర్తు వరసగా పెట్టుకుంటూ పోయి, మధ్యలో ఒకరికి ఊరు మారినా గుర్తించక అదే కొనసాగించిన పేజీలున్నాయి. వయసు మీద లండన్ గుమాస్తాలు లెక్క కోసం గీసిన పెన్సిల్ గీత వల్ల 3 కాస్తా 8లా కనిపిస్తుంది. 1841 పేజీలో ఒక గీత ఒక కుటుంబం ముగిసిందని, జంట గీత ఇల్లు ముగిసిందని. ఆ ఏడాది బంధుత్వాలు రాయలేదు, కాబట్టి ఒకే ఇంట్లో ఉన్నారని తల్లీ కొడుకులు అనుకోవద్దు. 1851 నుంచి బంధుత్వం గడి ఉంటుంది. అయితే అందులో అల్లుడు (సన్-ఇన్-లా) అని ఉన్న పదేళ్ల పిల్లవాడు సవతి కొడుకు, ఆ రోజుల్లో ఆ రెండిటికీ ఒకటే మాట వాడేవారు. ముసలి రాబర్ట్, ఆన్ 1851లో ఎక్కడున్నారో కూడా వెతకండి. వాళ్ల ఇంట్లో మనవడో మనవరాలో అన్న బంధుత్వంతో, గ్రేట్ బిర్చమ్‌లో పుట్టిన బిడ్డ ఒకరు కనిపిస్తే అంతకంటే మంచి సాక్ష్యం మీకు దొరకదు.

ఏ పేజీ చూసినా దాని నంబరు రాసుకోండి. ముందు ఆర్కైవ్స్ వరస గుర్తు: 1851కి హెచ్‌ఓ 107, 1861కి ఆర్‌జీ 9, 1871కి ఆర్‌జీ 10, ఆ తర్వాత పీస్ (కట్ట) నంబరు, ఫోలియో (ఆకు సంఖ్య), పేజీ. ఫోలియో నంబరు కుడి పేజీ పైమూల మాత్రమే ముద్రవేసి ఉంటుంది, వెనక పేజీకి కూడా అదే వర్తిస్తుంది. వెతికి దొరకనివి కూడా రాయండి: ఏ పారిష్, ఏ పుస్తకం, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా. లేకపోతే ఆర్నెల్ల తర్వాత అదే స్టాన్‌హో పుస్తకం మళ్లీ మొదట్నుంచీ తిప్పుతారు.

రాబర్ట్ మీవాడని తేలితే ముందున్నది అసలైన కష్టం. 1754 మార్చి నుంచి 1837 దాకా జరిగిన పెళ్లిళ్ల పుస్తకాల్లో తండ్రుల పేర్లు ఉండవు. వధూవరుల పేర్లు, పారిష్‌లు, సంతకాలు, సాక్షులు, అంతే. ఇంగ్లాండ్‌లో చాలామంది వంశవృక్షాలు ఈ ఎనభై ఏళ్లలోనే తప్పుదారి పడతాయి. అయితే మీది నార్ఫోక్ కావడం అదృష్టం. నార్విచ్ డయోసిస్‌లో (బిషప్ పరిధిలో) 1780ల నుంచి 1812 దాకా చాలా పారిష్‌ల బాప్తిస్మం పుస్తకాల్లో తల్లి పుట్టింటి పేరు కూడా రాశారు. విలియం 1813 తర్వాత పుట్టాడు కాబట్టి అతని నమోదులో ఆ వివరం ఉండదు. అతని అన్నలు, అక్కలు 1812కి ముందు పుట్టి ఉంటే వాళ్ల నమోదులో ఉండవచ్చు. అందుకే రాబర్ట్, ఆన్‌ల పిల్లలందరినీ వరసగా రాసుకోండి. పెద్దబిడ్డ నమోదులో ఆన్ పుట్టింటి పేరు దొరికితే పెళ్లి పట్టుకోవడం తేలిక. అసలు రిజిస్టర్ పేజీ చెమ్మకు పాడైపోయి ఉంటే బిషప్‌కు ఏటా పంపిన నకళ్లు చూడండి. 1598 నుంచి అలా పంపాలన్న నియమం ఉంది. నార్ఫోక్‌లో కొన్నేళ్లు ఆర్చిడీకన్‌కు (బిషప్ కింది అధికారికి) పంపిన నకళ్లు కూడా మిగిలాయి. రెండిటికీ తేడా ఉండొచ్చు, ఒకదాంట్లో లేనిది ఇంకోదాంట్లో ఉండొచ్చు.

పేదవాళ్ల విషయంలో చర్చి పుస్తకాలకంటే పారిష్ పెట్టెలో దాచిన పేదల సాయం, లెక్కల కాగితాలు ఎక్కువ చెబుతాయి. 1662 చట్టం ప్రకారం ప్రతి మనిషికీ తన పారిష్ అంటూ ఒకటి ఉండేది. ఆకలికి అన్నం పెట్టే బాధ్యత ఆ పారిష్‌దే. అది తండ్రి నుంచి వస్తుంది, లేదా పెళ్లికాకుండా ఒక ఏడాది నిండా ఒక యజమాని దగ్గర జీతానికి ఉంటే ఆ ఊరు తన ఊరవుతుంది. వేరే ఊరివాడు సాయం అడిగితే మెజిస్ట్రేట్ ముందు కూర్చోబెట్టి ప్రమాణం చేయించి, ఎక్కడ పుట్టావు, ఎవరి దగ్గర ఎన్నాళ్లు పనిచేశావు, ఎంత జీతం, పెళ్లెక్కడ, పిల్లలెంతమంది అని అడిగి రాసేవారు. రాబర్ట్ గానీ జాన్ గానీ అలా పట్టుబడి ఉంటే ఒక్క కాగితంలో వాళ్ల సగం జీవితం దొరుకుతుంది. నార్ఫోక్ రికార్డ్ ఆఫీసు కేటలాగ్‌లో పారిష్ పేరు పెట్టి, సెటిల్‌మెంట్ (ఏ పారిష్‌వాడో తేల్చడం), రిమూవల్ (సొంత పారిష్‌కు పంపేయడం), బాస్టర్డీ (పెళ్లి కాని తల్లుల పిల్లల విషయం) అన్న మాటలతో వెతకండి. అన్ని పారిష్‌లవీ మిగల్లేదు, కాబట్టి దొరకకపోతే నిరాశపడొద్దు.

1640 దాకా అన్న మాట గురించి ఒక పరీక్ష పెట్టండి. ఆ వంశవృక్షంలో 1642 నుంచి 1660 మధ్య పుట్టిన మనిషి తల్లిదండ్రులను ఏ ఆధారంతో చెప్పారు? అంతర్యుద్ధం రోజుల్లో చాలా పారిష్‌ల పుస్తకాలు నడవలేదు, నడిచినచోటా ఖాళీలున్నాయి. ఆ గండాన్ని దాటించిన ఆధారం ఒక వీలునామా కావచ్చు, మేనర్ కోర్టు (స్థానిక భూస్వామి కోర్టు) రికార్డు కావచ్చు. ఏదో ఒకటి ఉండాలి. కూలీల ఇళ్లలో వీలునామాలు అరుదు. కేవలం పేరు కలిసిందన్న ఆధారంతో లంకె వేసి ఉంటే ఆ భాగం కొట్టేయండి. ఇంకో చిన్న గుర్తు: 1752కి ముందు ఇంగ్లాండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఫిబ్రవరి 1723 అని పుస్తకంలో ఉంటే మన లెక్కలో అది 1724. ఆ వంశవృక్షంలో తల్లిదండ్రుల పెళ్లికి ముందే పిల్లలు పుట్టినట్టు కనిపిస్తే ఈ లెక్క తప్పిందేమో చూడండి.

ఇక సికింద్రాబాద్ తమ్ముడు. ఈ కథను చివరన చూద్దామని వదిలేయకండి, ఇది మీ అసలు ప్రశ్నకు పనికొస్తుంది. అప్పట్లో సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో రెండు రకాల తెల్ల సైనికులు ఉండేవారు: బ్రిటిష్ ప్రభుత్వ సైన్యంవాళ్లు, ఈస్ట్ ఇండియా కంపెనీ మద్రాసు సైన్యంవాళ్లు. వీళ్ల కాగితాలు వేర్వేరు చోట్ల ఉంటాయి. మొదటి రకమైతే లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 97 అనే వరసలో డిశ్చార్జి పత్రాలున్నాయి. 1760 నుంచి 1854 దాకా డిశ్చార్జి అయినవాళ్ల పేర్లు, పుట్టిన ఊరు ఆ సంస్థ ఆన్‌లైన్ కేటలాగ్‌లోనే ఉంటాయి, ఇంట్లో కూర్చుని ఉచితంగా వెతకొచ్చు. ఇంటిపేరు, పక్కనే డాకింగ్ అని కొట్టి చూడండి, తర్వాత స్టాన్‌హో. పుట్టిన పారిష్, కౌంటీ, రెజిమెంట్, డిశ్చార్జి నాటి వయసు ఒకే వాక్యంలో వస్తాయి. అయితే పింఛను తీసుకుని బయటపడినవాళ్లవే ఇందులో ఉంటాయి. సర్వీసులో ఉండగా కలరాకో జ్వరానికో పోయినవాడు ఉండడు. వాడి కోసం డబ్ల్యూఓ 12లోని మస్టర్ రోల్స్ (రెజిమెంట్ హాజరు పట్టీలు) చూడాలి, దానికి రెజిమెంట్ తెలియాలి.

కంపెనీ సైనికుడైతే బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డ్స్‌కు వెళ్లాలి. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, భూస్థాపనల నకళ్లు ఎన్/2 అనే వరసలో ఉన్నాయి. సికింద్రాబాద్ చర్చిలవీ ఇందులోకే వస్తాయి. ఫైండ్‌మైపాస్ట్‌లో వీటి ఫొటోలున్నాయి. ఫ్యామిలీస్ ఇన్ బ్రిటిష్ ఇండియా సొసైటీ వెబ్‌సైట్‌లో ఉచితంగా పేరు వెతుక్కోవచ్చు. భూస్థాపన నమోదులో హోదా, రెజిమెంట్, వయసు ఉంటాయి గానీ ఇంగ్లాండ్‌లో ఏ ఊరివాడో ఉండదు, దాన్ని కంపెనీ సైనికుల రిజిస్టర్లలో చూడాలి. పెళ్లి నమోదు దొరికితే తండ్రి పేరు గడి తప్పక చూడండి. అక్కడ రాబర్ట్ అని ఉండి విలియం పెళ్లి నమోదులో కూడా రాబర్ట్ అని ఉంటే రెండు దేశాల పుస్తకాలు ఒకే మాట చెప్పినట్టు. అతని డిశ్చార్జి పత్రంలో పుట్టిన పారిష్ స్టాన్‌హో అని వస్తే మాత్రం, రాబర్ట్ వైపు ఒక్క మెట్టు కూడా ఎక్కకుండా ముందు జాన్, సూజన్ పిల్లల జాబితా తీసి అందులో ఆ తమ్ముడి పేరుందేమో చూడండి.